మోటరు షాపు వీడియోలు: మొదటి 100 డాలర్ల ప్రాజెక్టు డైరీ

2024 జూన్ 9

మిరుగు (మృగశిర కార్తె) వచ్చి రెండు రోజులైంది. కొండమల్లేపల్లిలో మా నాయిన నడిపే మోటరు వైండింగ్ షాపులో (కాలిపోయిన మోటర్లకు మళ్లీ రాగి తీగ చుట్టే షాపు) ఇవాళ నేను ఒక పని మొదలుపెడుతున్నాను కాబట్టి, మొదటి రోజు నుంచే దీని లెక్క రాసి పెట్టుకోవాలని ఈ డైరీ తెరిచాను. డిగ్రీ పూర్తయి ఏడాది దాటింది. హైదరాబాద్‌లో రెండు చోట్ల ఉద్యోగం అడిగి చూశాను గానీ, వాళ్లు ఇస్తామన్న జీతం హాస్టల్‌కూ బస్సు ఛార్జీలకూ సరిగ్గా సరిపోయేది. షాపులో లెక్కలు రాస్తూ కూర్చున్న ఈ ఏడాదిలో నేను గమనించింది ఏమిటంటే, రోజుకు పదిమంది రైతులైనా ఫోన్ చేసి దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు, నాయిన చేతిలో ఉన్న రాగి తీగ పక్కన పెట్టి అదే జవాబును పదిసార్లు ఓపికగా చెప్తాడు. ఆ జవాబులను వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో పెట్టి, వాటి మీద వచ్చే ప్రకటనల ద్వారా మొదటి సంపాదన చూడాలన్నది నా ప్రాజెక్టు. లక్ష్యం 100 డాలర్లు. ఎందుకంటే యూట్యూబ్ ప్రకటనల డబ్బు జమయ్యే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాలో ఆ మొత్తం నిండితే గాని డబ్బు బ్యాంకుకు పంపరు.

నిబంధనలు రెండు రోజులు కూర్చుని చదివాను. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు గడిచిన 12 నెలల్లో జనం మన వీడియోలను 4,000 గంటలు చూసి ఉండాలి. గంటల లెక్క వినడానికి పెద్దగా అనిపించదు గానీ నిమిషాల్లోకి మారిస్తే 2,40,000 అవుతుంది. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకున్నా 60,000 సార్లు మా వీడియోలు ఎవరో ఒకరు తెరిచి చూడాలి. దీనికంటే ముందు 500 మంది, 3,000 గంటల దగ్గర ఒక మెట్టు ఉంది గానీ, అక్కడ ప్రకటనల వాటా రాదు, చూసేవాళ్లు తమంతట తాము డబ్బు ఇచ్చే సౌకర్యం లాంటివి మాత్రమే వస్తాయి. పెట్టుబడికి అప్పు చేసి మోటరు బాగు చేయించుకునే రైతును మళ్లీ వీడియో కింద చందా అడగడం నాకు నచ్చలేదు కాబట్టి ఆ మెట్టును లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇప్పటివరకు అయిన ఖర్చు: ఫోన్ స్టాండుకు 650 రూపాయలు, కాలర్ మైకుకు 1,150, చిన్న లైటుకు 480, మొత్తం 2,280. ఫోన్ నాదే. షాపు ఖాతా పుస్తకం చివరి పేజీలో ఈ లెక్క రాశాను.

2024 జూన్ 30

మూడు వీడియోలు పెట్టాను, మూడూ కలిపి 126 సార్లు చూశారు, వాళ్లలో సగం మంది మా చుట్టాలే. మొదటి వీడియో పేరు "త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటరు పనిచేయు విధానం". పదకొండు నిమిషాల ఆ వీడియోను సగటున ఒక నిమిషం ఇరవై సెకన్లు చూసి వదిలేశారు. నాయిన ముందు కూర్చుని మాట్లాడుతుంటే ఎంత సూటిగా చెప్తాడో, ఫోన్ ఎదురుగా పెట్టగానే అంత బిగుసుకుపోయి, నేను రాసిచ్చిన కాగితంలోని మాటలను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తప్పు ఆయనది కాదు, ఆ కాగితం రాసింది నేను.

2024 జులై 21

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి.

పొద్దున గుర్రంపోడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, "బిడ్డా, మా మోటరు గుయ్‌మంటది గాని ఎత్తుకుంటలేదు, నిన్న రాత్రి నుంచి ఇదే తంతు" అన్నాడు. నాయిన వెంటనే, "బటన్ ఎన్నిసార్లు నొక్కినవ్ అన్నా?" అని అడిగాడు. పదిసార్లు నొక్కానన్నాడు పెద్దాయన. "అయ్యో, పదిసార్లా, ఒక ఫేజు పోయినట్టుంది, రెండు ఫేజుల మీద అది తిరగలేదు, నొక్కినప్పుడల్లా లోపల వైండింగ్ వేడెక్కుతది" అని నాయిన వివరించాడు. మూడు ఫేజుల్లో, అంటే మోటరుకు కరెంటు తెచ్చే మూడు తీగల్లో, ఒకటి తెగిపోతే మోటరు మొదలు కాలేక అక్కడే మూలుగుతుంది, మిగిలిన రెండు ఫేజుల మీద కరెంటు చాలా ఎక్కువ లాగుతుంది, కరెంటు ఎక్కువైతే మోటరును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా పని చేయకపోతే కొద్ది నిమిషాల్లోనే వైండింగ్ మాడిపోతుంది. బోరు నుంచి మోటరు ఎత్తి, వైండింగ్ చేయించి, మళ్లీ దింపే ఖర్చు ఒక ఎకరం పత్తికి పెట్టే మందుల ఖర్చుకు తక్కువేమీ కాదు. బటన్ రెండోసారి నొక్కకుండా ఆపి, ముందు ఫ్యూజులు చూసుకుంటే ఆ ఖర్చంతా తప్పేది.

నేను ఫోన్ తీసి, పెద్దాయన వెళ్లాక నాయినను అదే కుర్చీ దగ్గర నిలబెట్టి, "ఇప్పుడు ఆయనకు చెప్పింది నాకు చెప్పు" అన్నాను. కాగితం లేదు. కాలిపోయిన ఒక పాత మోటరు పక్కనే ఉంటే దాన్ని చూపిస్తూ, ఒక ఫేజు చుట్లు మామూలు రంగులో ఉండటం, మిగతా రెండు ఫేజుల చుట్లు మాడి నల్లబడటం వేలితో తాకి చూపించాడు. మొత్తం ఆరు నిమిషాల నలభై సెకన్లు. వీడియో పేరు కూడా పెద్దాయన మాటే పెట్టాను: "మోటరు గుయ్‌మంటుంది గాని ఎత్తుకుంటలేదు, ఏం చేయాలె?"

2024 ఆగస్టు 18

ఆ ఒక్క వీడియోను 4,300 సార్లు చూశారు. అంకెల పేజీలో నేను ముందుగా చూసింది జనం ఏ దారిన వచ్చారన్నది. మూడింట రెండు వంతుల మంది యూట్యూబ్‌లో వెతికి వచ్చారు, వాళ్లు వెతికిన మాటల్లో "మోటర్ గుయ్" అన్నది పైన ఉంది. రాత్రి పదకొండుకు చేను దగ్గర నిలబడి ఫోన్ వెలుతురులో వెతికే మనిషి "సింగిల్ ఫేజింగ్" (ఒక ఫేజు పోవడానికి పుస్తకాల్లో పేరు) అని వెతకడు, తన చెవికి వినిపించిన చప్పుడును వెతుకుతాడు. అందుకే షాపులో ఒక నోటు పుస్తకం పెట్టాను. వచ్చిన ప్రతి రైతూ మొదట అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా రాసుకుంటున్నాను. నెలలోపే 63 వాక్యాలు చేరాయి. "స్టార్టర్ పట్టుకుంటలేదు", "కాయిల్ డబడబ కొట్టుకుంటంది", "నీళ్లు సన్నగ వస్తున్నయి", "ఆంప్స్ మీటరు ముల్లు ఊగుతంది", "డబ్బా పట్టుకుంటే జుమ్మంటంది". ఇందులో ప్రతి వాక్యం ఒక వీడియో పేరు.

ఈ నెల ఒక వీడియోకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. పక్క హోటల్లో మోగుతున్న సినిమా పాట నాయిన మాటల వెనక నలభై సెకన్లు వినిపించిందట. అది శిక్ష కాదు గానీ, అలాంటి వీడియో మీద ముందు ముందు వచ్చే ప్రకటనల డబ్బు పాట హక్కుదారుకు వెళ్లవచ్చు కాబట్టి ఆ ముక్క కత్తిరించి వేరే రోజు మళ్లీ తీశాను. ఇక మీదట హోటల్ రేడియో ఆగే మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర మధ్యనే రికార్డింగ్. వాన పడితే రేకుల చప్పుడుకు అసలే కుదరదు.

2024 సెప్టెంబరు 22

నలభై సెకన్ల షార్ట్ ఒకటి 2,10,000 సార్లు చూశారు. మోటరు ఉల్టా తిరిగితే నీళ్లు తక్కువ ఒత్తిడితో వస్తాయని, మెయిన్ ఆపి మూడు తీగల్లో ఏవైనా రెండింటిని ఒకదాని స్థానంలో ఇంకొకటి మారిస్తే సరిగ్గా తిరుగుతుందని నాయిన చెప్పిన ముక్క అది. ఇంట్లో అందరం చాలా సంతోషపడ్డాం, మా అమ్మ చుట్టుపక్కల అందరికీ చెప్పింది. దానివల్ల 340 మంది సబ్‌స్క్రైబర్లు పెరిగారు, ఆ మేరకు లాభమే. కానీ షార్ట్స్ వరుసలో చూసిన సమయం 4,000 గంటల లెక్కలోకి రాదు. షార్ట్స్ దారిలోనే వెళ్లాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి, బోరు మోటర్ల విషయం మీద అది అయ్యే పని కాదు. కాబట్టి షార్ట్‌ను ఒక బోర్డులాగా వాడుకుని, దాని కిందనే పూర్తి వీడియోకు దారి చూపించడం మొదలుపెట్టాను. ఇవాళ్టికి సబ్‌స్క్రైబర్లు 610 మంది, చూసిన సమయం 890 గంటలు.

2024 అక్టోబరు 14

దసరా అయిపోయింది. సద్దుల బతుకమ్మ రోజు తప్ప వారానికి ఒక వీడియో తప్పలేదు.

ఒక నిర్ణయం తీసుకున్నాం, దాన్ని ఇక్కడ రాసి పెట్టుకోవడం అవసరం. వ్యాఖ్యల్లో అందరికంటే ఎక్కువ మంది అడిగింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే సొంతంగా ఎలా వేసుకోవాలో చూపించమని. అది పెడితే చూసేవాళ్లు చాలామంది ఉంటారని, మిగిలిన గంటల్లో సగం ఆ ఒక్క వీడియోతోనే వచ్చేస్తాయని నాకు అనిపించింది, నాయినతో ఆ మాటే అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తనతోపాటు పని నేర్చుకున్న ఒక స్నేహితుడు ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కరెంటును ఆపే ఏబీ స్విచ్ దించానన్న ధైర్యంతో ఎక్కి, మూడు బ్లేడ్లలో ఒకటి పూర్తిగా విడిపోలేదని గమనించక అక్కడే ప్రాణం పోగొట్టుకున్న సంగతి చెప్పాడు. ఆ మాట మా ఇంట్లో ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. "గంటలు ఇంకో తీరుగ వస్తయి బిడ్డా, అది మాత్రం పెట్టకు" అన్నాడు.

దాని బదులు, ట్రాన్స్‌ఫార్మర్ మీదికి ఎందుకు ఎక్కకూడదో, లైన్‌మన్‌కు ఫోన్ చేసినప్పుడు ఏ వివరాలు చెప్తే పని తొందరగా అవుతుందో చెప్తూ నాలుగు నిమిషాల వీడియో తీశాం. దాన్ని 900 మంది చూశారు. మాకు అది చాలు. అప్పటి నుంచి మా వీడియోల్లో కరెంటు ఉన్న డబ్బాలో చేయి పెట్టే దృశ్యం ఉండదు, ప్రతి వీడియోలో మొదట మెయిన్ ఆపడం, టెస్ట్ ల్యాంపుతో మూడు ఫేజులూ చూడటం పూర్తిగా కనిపిస్తుంది. దానికి ముప్పై సెకన్లు పోతాయి, ఆ ముప్పై సెకన్లలో కొందరు వెళ్లిపోతారని గ్రాఫులో గీత కిందికి వంగడం నాకు కనిపిస్తూనే ఉంది. అయినా దాన్ని తీసేయము.

2024 డిసెంబరు 3

సబ్‌స్క్రైబర్లు 1,000 దాటారు. గంటలు 2,460 దగ్గర ఉన్నాయి. వానాకాలం పంట చివరి దశలో మోటర్ల వాడకం తగ్గడంతో నవంబరులో అంకెలు నెమ్మదించాయి. మొదట భయపడ్డాను గానీ, షాపుకు వచ్చే మోటర్ల లెక్క తీసి పక్కన పెట్టి చూస్తే అదీ ఆ నెలలో తగ్గింది. మా వీడియోలకూ ఒక పంట కాలం ఉంది, యాసంగి నాట్లు పడితే మళ్లీ పెరుగుతాయి.

ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోల మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చని, అందుకని వీడియోలు కాస్త సాగదీయమని తెలిసినవాళ్లు ఒకరు సలహా ఇచ్చారు. నాయినకు చెప్తే, "అక్కడ మోటరు మాడిపోతుంటే ఎనిమిది నిమిషాలు ఎవరు జూస్తరు? మూడో నిమిషంలో మందు చెప్పాలె" అన్నాడు. జవాబును మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పి, కారణం తర్వాత వివరించే పద్ధతి పెట్టుకున్నాం. ఆశ్చర్యంగా, జవాబు ముందే దొరికినా జనం వెళ్లిపోవడం లేదు. ఏడు నిమిషాల వీడియోను ఇప్పుడు సగటున మూడు నిమిషాల యాభై సెకన్లు చూస్తున్నారు.

ఈ మధ్య అందరికీ నచ్చింది కొత్త మోటరు దింపే ముందు అందులో మంచినీళ్లు నింపే వీడియో. నీళ్లతో చల్లబడే మోటరును నీళ్లు నింపకుండా దింపితే కింద ఉండి బరువు మోసే త్రస్ట్ బేరింగ్ పొడిగా తిరిగి అరిగిపోతుంది. నాయిన ప్లగ్ విప్పి, గిలాసతో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ, షాఫ్ట్ చేత్తో తిప్పుతూ, లోపలి గాలి బుడగలు బుడగలుగా బయటికి వచ్చి నీళ్లు అంచు దగ్గర కదలకుండా నిలిచే వరకు ఆగాడు. రెండు నిమిషాలు మాట లేదు, బుడగల చప్పుడే. ఆ భాగాన్ని జనం వెనక్కి తిప్పి తిప్పి చూసినట్టు గ్రాఫులో కనిపించింది.

2025 జనవరి 20

సంక్రాంతి తర్వాతి రోజు గంటలు 4,000 దాటాయి. నాట్ల పనులు మొదలైన జనవరి మొదటి రెండు వారాల్లోనే దాదాపు 700 గంటలు వచ్చాయి. అదే రాత్రి దరఖాస్తు పెట్టాను. గూగుల్ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టుకోవడం, ఛానల్ మీద నిబంధనలు మీరినందుకు పడే స్ట్రైకు ఏదీ లేకపోవడం తప్పనిసరి కాబట్టి అవి ముందే చూసుకున్నాను. పరిశీలన సాధారణంగా నెల వరకు పట్టవచ్చని రాసి ఉంది.

ఒక విషయం ఇక్కడే రాస్తున్నాను, ఎందుకంటే ఒక లెక్కన ఇదే మా మొదటి సంపాదన. డిండి అవతలి నుంచి ఒక రైతు వీడియో చూసి, ట్రాలీ ఆటోలో మోటరు వేసుకుని వెతుక్కుంటూ మా షాపుకు వచ్చాడు. దారిలో వైండింగ్ షాపులు ఎన్నో ఉన్నాయి. "బటన్ నొక్కకు అన్న మనిషి మీరే గదా, మీ మాట విని ఒక మోటరు కాపాడుకున్న, ఇది మా తమ్మునిది" అన్నాడు. ఆ వైండింగ్ కూలి నాయిన ఖాతాలో పడింది, నా 100 డాలర్ల లెక్కలోకి రాదు.

2025 ఫిబ్రవరి 9

ఆమోదం వచ్చింది. ఫిబ్రవరి 5 నుంచి మా వీడియోల మీద ప్రకటనలు వస్తున్నాయి. పూర్తి వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం మాది, షార్ట్స్‌కు లెక్క వేరు, అక్కడ 45 శాతం.

ఈ వారమంతా కాగితాల పనే. యాడ్‌సెన్స్‌లో అమెరికా పన్ను పత్రం నింపాలి. అది నింపకపోతే ప్రపంచంలో ఎక్కడి నుంచి చూసినవాళ్ల మీద వచ్చిన ఆదాయంలోనైనా 24 శాతం వరకు కోత పడవచ్చు. నింపి, భారత్‌కూ అమెరికాకూ మధ్య ఉన్న ఒప్పందాన్ని చూపిస్తే, అమెరికాలో చూసినవాళ్ల మీద వచ్చిన భాగానికి మాత్రమే 15 శాతం పట్టుకుంటారు. మా వీడియోలను అక్కడ చూసేది ఎవరో కొద్దిమంది, ఊళ్లో పొలం ఉండి అక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్లు అయి ఉంటారు.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. నా పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. విదేశం నుంచి వచ్చే డబ్బుకు పేరు తేడా ఉంటే వెనక్కి వెళ్లే అవకాశం ఉందని బ్యాంకులో చెప్పారు. ఆధార్, పాన్ నకళ్లు ఇచ్చి ఖాతాలో పేరు సరిచేయించుకోవడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. విదేశం నుంచి డబ్బు రావడానికి కావాల్సిన స్విఫ్ట్ కోడ్ మా శాఖకు లేదు, బ్యాంకు పెద్ద శాఖ కోడ్ తెప్పించుకున్నాను. ఈ పని చేయాలనుకునేవాళ్లు ఎవరైనా పేరు సంగతి మాత్రం మొదటి రోజే చూసుకోవాలి, నేను ఎనిమిది నెలల తర్వాత చూసుకున్నాను.

2025 మార్చి 16

ఫిబ్రవరి లెక్క తేలింది. 41,000 వ్యూస్, 23 డాలర్ల 78 సెంట్లు. అంటే వెయ్యి వ్యూస్‌కు 58 సెంట్లు. దీన్ని అక్కడ ఆర్‌పీఎం అంటారు. మా షాపులో ఆర్‌పీఎం అంటే నిమిషానికి 2,880 చుట్లు, అందుకని 0.58 అన్న అంకె చూసి నాయిన, "ఇంత నెమ్మదిగ తిరిగితే నీళ్లు ఎట్ల ఎక్కుతయి?" అన్నాడు. వివరించాక తనే కాగితం తీసుకుని, ఈ లెక్కన 100 డాలర్లకు లక్షా డెబ్బై వేల పైచిలుకు వ్యూస్ కావాలని తేల్చి, గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టాడు.

ఖాతాలో 10 డాలర్లు దాటగానే మన చిరునామా సరైనదో కాదో తెలుసుకోవడానికి ఆరంకెల పిన్‌తో ఒక ఉత్తరం పోస్టులో పంపుతారు. అది రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పిన్ నమోదు చేయడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది. నేను ఇంటి చిరునామా ఇచ్చాను. మా వాడకట్టులో ఇంటి నంబర్లు ఒక వరసలో ఉండవు.

2025 ఏప్రిల్ 20

మార్చిలో 78,000 వ్యూస్, 47 డాలర్ల 58 సెంట్లు. ఇది ఇప్పటివరకు అన్నిటికంటే పెద్ద నెల, కారణం ఎండలే. బోర్లలో నీళ్లు అడుక్కి పోయాయి. "ఆంప్స్ పడిపోతున్నయి" అని నోటు పుస్తకంలో ఒక్క మార్చిలోనే పదకొండుసార్లు రాశాను. చాలామంది ఆంప్స్ (మోటరు లాగే కరెంటు) పెరిగితేనే ప్రమాదం అనుకుంటారు. మోటరుకు నీళ్లు అందనప్పుడు దాని మీద బరువు తగ్గి కరెంటు తక్కువ లాగుతుంది, కాబట్టి ముల్లు కిందికి పడటం బోరు ఎండుతోందనడానికి గుర్తు. నాంపల్లి దగ్గర ఒక బత్తాయి తోటలో ఐదు హార్స్ పవర్ మోటరు ఆన్ చేసి, స్టార్టర్ డబ్బా మీది ముల్లును పది నిమిషాలు అలాగే చిత్రీకరించాం. మొదట తొమ్మిది దగ్గర నిలబడింది. ఆరో నిమిషంలో పైపు నుంచి నీళ్లు గాలితో కలిసి ఎగిరెగిరి పడ్డాయి, ముల్లు ఊగడం మొదలైంది, తర్వాత ఐదుకు పడిపోయింది. రైతు వెంటనే ఆపేశాడు. ఆ బోరులో పైపు ఇంకా ఎంత దింపవచ్చో, రోజుకు ఎన్ని గంటలు నడిపి ఎంతసేపు ఆపితే నీళ్లు ఊరతాయో ఆయనా నాయినా మాట్లాడుకున్న మాటలనే వీడియోగా పెట్టాను. మార్చి సంపాదనలో మూడో వంతు ఆ ఒక్క వీడియోదే.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక కూడా కొందరు పాత అలవాటుతో ఆటో స్టార్టర్లు ఉంచుకున్నారు. నీళ్లు లేని బోరు మీద ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటరు దానంతటదే ఎండుగా తిరుగుతుంది. ఈ సంగతి మీద తీసిన వీడియో కూడా బాగా నడిచింది.

పిన్ ఉత్తరం రాలేదు. మూడు వారాలు దాటాక మళ్లీ పంపమని అడగవచ్చు కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలో అడిగాను, ఈసారి చిరునామాలో షాపు పేరు, చౌరస్తా గుర్తు, నాయిన పేరు అన్నీ రాశాను. పోస్ట్‌మన్ తాతకు నేనే వెళ్లి చెప్పి వచ్చాను.

ఇదే నెలలో ఒక అమ్మకందారు ఫోన్ చేసి, స్టార్టర్ డబ్బాలో పెట్టుకునే ఒక పరికరం మోటరు కరెంటు బిల్లును సగం చేస్తుందని మా వీడియోలో చెప్తే 8,000 రూపాయలు ఇస్తామన్నాడు. నేను పది నెలలుగా ఎదురుచూస్తున్న మొత్తానికి దాదాపు సమానమైన డబ్బు ఒక్క ఫోన్‌లో వచ్చి నిలబడింది. పరికరాన్ని తెప్పించి నాయిన విప్పి చూశాడు, లోపల ఒక చిన్న కెపాసిటర్, ఒక లైటు ఉన్నాయి. ఐదు హార్స్ పవర్ మోటరుకు సరైన కెపాసిటర్ పెడితే లైను మీద కరెంటు కొంత తగ్గే మాట నిజమే గానీ, అంత చిన్నదానితో అదీ కాదు. పైగా మన దగ్గర వ్యవసాయ కరెంటుకు బిల్లే లేనప్పుడు సగం కావడం అన్న మాటే అబద్ధం. కాదని చెప్పేశాను. డబ్బు తీసుకుని చేసే ప్రచారం అయితే ఆ సంగతి వీడియోలో స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది, యూట్యూబ్‌లో కూడా అందుకు ఒక గడి ఉంది. కానీ గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. డిండి నుంచి మోటరు వేసుకుని వచ్చిన ఆ రైతు మొహం నాకు ఆ రోజంతా గుర్తుకొచ్చింది.

2025 ఏప్రిల్ 29

పిన్ వచ్చింది. పోస్ట్‌మన్ తాత నేరుగా షాపుకే తెచ్చి ఇచ్చాడు. నమోదు చేశాను, చిరునామా సరిచూడటం పూర్తయింది.

2025 మే 11

ఏప్రిల్ లెక్క: 69,000 వ్యూస్, 41 డాలర్ల 40 సెంట్లు. మూడు నెలలు కలిపి 112 డాలర్ల 76 సెంట్లు, అమెరికా పన్ను కింద 12 సెంట్లు పోగా 112 డాలర్ల 64 సెంట్లు. 100 దాటింది కాబట్టి ఈ నెల 21 నుంచి 26 లోపు పంపాలి.

2025 మే 27

నిన్న బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, ఈ డబ్బు దేనికి వచ్చిందో చెప్పమన్నారు. విదేశాల నుంచి వచ్చే ప్రతి మొత్తానికి ఒక పర్పస్ కోడ్ ఉండాలి, ప్రకటనలకు సంబంధించిన పీ1007 రాసి ఇచ్చాను. ఇవాళ ఖాతాలో పడింది. డాలరుకు 84 రూపాయల 15 పైసల చొప్పున 9,478 రూపాయల 66 పైసలు కావాలి. బ్యాంకు ఛార్జీ జీఎస్టీతో కలిపి 177, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ 45 పోగా చేతికి వచ్చింది 9,256 రూపాయల 66 పైసలు. పెట్టిన ఖర్చు 2,280, దానికి తోడు ఏడాది మొబైల్ రీఛార్జ్ ఉంది గానీ అది ఎలాగూ వేయించుకునేదే. మొత్తం 46 వీడియోలు, 11 షార్ట్స్. వీడియో తీసి, కోసి, పేరు పెట్టడానికి ఒక్కోదానికి ఐదారు గంటలు పట్టిందనుకుంటే గంటకు వచ్చింది చాలా తక్కువ. అయితే పాత వీడియోలు నిద్రపోవు, ఈ రాత్రి కూడా ఎక్కడో ఒకచోట ఎవరో "మోటర్ గుయ్" అని వెతుకుతారు. ఆదాయపు పన్ను లెక్క కోసం ఈ మొత్తాన్ని, తేదీని, బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని వేరే ఫైల్లో పెట్టాను.

పాస్‌బుక్‌లో ముద్ర వేయించుకుని వచ్చి నాయినకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ ఒక్క వరుసను రెండుసార్లు చదివాడు. తర్వాత లోపలికి వెళ్లి, తీగ చుట్టూ పట్టుకుంటే కరెంటు ఎంతో అంకెల్లో చూపించే క్లాంప్ మీటరు ఉంటే బాగుంటుందని, స్టార్టర్ మీది ముల్లు వీడియోలో సరిగ్గా కనిపించడం లేదని ఇద్దరు ముగ్గురు అన్నారని గుర్తు చేశాడు. మంచిది 3,000 లోపు వస్తుంది. ఎల్లుండి దేవరకొండ వెళ్లి తెస్తున్నాను. నోటు పుస్తకంలో ఇంకా తీయని వాక్యాలు 38 ఉన్నాయి, క్లాంప్ మీటరుతో మొదట తీయబోయేది "మూడు ఫేజుల మీద మూడు తీర్ల ఆంప్స్ చూపిస్తంది".